దారం లేని సీసా

కిందటి వారం ముత్యాలయ్యను సరుగుడు తోట పక్కన, బైబిలమ్మ పాక గుమ్మంలో, చేతిలో సీసాతో నిలబెట్టి వచ్చేశాం. ఏడు రోజులు ఒక మనిషిని ఎండలో అట్లా నిలబెట్టడం న్యాయం కాదని నాకూ తెలుసు. ఇంట్లో నాలుగేళ్ల కూతురు పోలమ్మ పళ్లు గిట్టకరుచుకొని, కళ్లు తేలేసి పడి ఉంటే, ఏ తండ్రికైనా పరాయి గుమ్మంలో నిలబడే ఓపిక ఉంటుందా? కానీ అతను నిలబడ్డాడు. అతనికి ఒక్క జవాబు కావాలి.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. బోగోలు తీరంలోని జాలరుల పాలేలన్నీ బైబిలమ్మ అని పిలిచే రాహేలమ్మ, ముప్పై ఏళ్లుగా ఒక చేత పుస్తకం, ఒక చేత మందుల సంచి పట్టుకొని ఏడు ఊళ్లు తిరిగిన మనిషి. ఆమెను ఆ పనిలో పెట్టిన మిషను దొరసానమ్మ ఈ వేసవితో, అంటే అరవై ఒకటో సంవత్సరం వేసవితో, సొంత దేశానికి వెళ్లిపోతున్నది. ఇక మీ పని మీరే చూసుకోవాలని చెప్పేసింది. అందుకే వచ్చే ఆదివారం చర్చిలో అందరి ముందూ రాహేలమ్మ ఆ సంచిని కూతురు ఎలిశబెతు చేతిలో పెట్టాలని నిశ్చయమైంది. ముగ్గురు పోయాక దక్కిన బిడ్డ ఎలిశబెతు. పుట్టిన రోజే దేవుని పనికి ఇస్తానని తల్లి మొక్కుకుంది. నెల్లూరులో నర్సు చదువు ముగించుకొని ఆ పిల్ల సోమవారం ఇంటికి వచ్చింది. బుధవారం ఉదయం మొగపాలెంలో పోలమ్మకు విరేచనాలు పట్టుకుంటే రాహేలమ్మే వెళ్లి ఒక మోతాదు పోసి, మూడు పూటలా పొయ్యమని సీసా ఇచ్చి వచ్చింది. విరేచనాలు ఆగలేదు సరికదా, గురువారం నుంచి ఫిట్సు మొదలయ్యాయి. శుక్రవారం పొద్దెక్కేసరికి మూడుసార్లు వచ్చాయి.

అదీ సంగతి. ఇప్పుడు ముత్యాలయ్య నోరు తెరిచాడు.

"ఇది తాగే మందేనా అమ్మణ్ణీ?"

ఎలిశబెతు సీసా అందుకుంది. మీద తెల్ల కాగితం అంటించి ఉంది. ఆ అక్షరాలు తనవే. మంగళవారం సాయంత్రం అరుగు మీద కూర్చొని, గుండ్రంగా, కింద గీత కూడా గీసి రాసింది. గజ్జి మందు. ఒంటికి రాయడానికి మాత్రమే. సీసాలో మందు మూడు వేళ్ల మందం తగ్గి ఉంది.

ఆమె గుమ్మం పట్టుకొని నిలబడి, పాపను వెంటనే కావలి ఆసుపత్రికి తీసుకుపోవాలనీ, ఫిట్సు ఆపే సూది తన దగ్గర లేదనీ, ఆలస్యమయ్యే కొద్దీ ప్రమాదమనీ గబగబా చెప్పింది. చెప్పినవన్నీ నిజాలే. అడిగినదానికి మాత్రం జవాబు కాదు. అబద్ధం ఆడకుండా నిజం దాచడం ఎట్లాగో మన చదువుకున్నవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ముత్యాలయ్య అమాయకుడేమీ కాదు. ఆమె ముఖంలోకి చూశాడు. "నేనడిగింది అది కాదు" అన్నాడు.

తర్వాత అతను చెప్పిన సంగతి ఇంకా దారుణం. ఊరి పెదకాపు పెంచలయ్య పొద్దున్నే దురాయి వేశాడట. ఆ తీరపు ఊళ్లలో దురాయి అంటే కాపులనే ఊరి పెద్దలు ఊరంతటికీ కట్టే కట్టడి. అది పడిందంటే ఏ ఇంటివాడూ దాన్ని దాటడు, దాటితే వాడి పడవతో ఇంకొకడు కలిసి వేటకు పోడు. బిడ్డకు ఏం పోశారో బైబిలమ్మ వచ్చి ఊరి ముందు చెప్పేదాకా మొగపాలెం నుంచి పడవ కదలకూడదు. కావలి పోవాలంటే కాలవలో రెండు మైళ్లు పడవ మీద పోతేగానీ రోడ్డు తగలదు. పిల్లను భుజాన వేసుకొని నడుద్దామంటే దారంతా బురద, ఏరు సముద్రంలో కలిసే మొగ.

పెంచలయ్యను తిట్టుకోబోయే పాఠకులు ఒక్క నిమిషం ఆగాలి. రెండేళ్ల కిందట ఇద్దరిని పట్నం పంపితే, వాళ్లకు ఏం జబ్బో, ఏం తిన్నారో చెప్పేవాళ్లు లేక ఇద్దరూ శవాలై తిరిగి వచ్చారు. ఏం పోశారో తెలియకుండా బిడ్డను పంపితే అక్కడ ఏమని చెప్పేది అని అతని ప్రశ్న. ఆ ప్రశ్నలో తప్పు వెతకడం నావల్ల కాదు.

ముత్యాలయ్య సీసా అడిగి తీసుకొని ఇసక దారిన పడి వెళ్లిపోయాడు. నడవలేదు, పరుగెత్తాడు.

ఎలిశబెతు పెరట్లోకి వచ్చింది. రాహేలమ్మ నీళ్ల కుండ దగ్గర కూర్చొని ఉంది. ఒళ్లో తోమవలసిన గిన్నె ఉంది గానీ తోమడం లేదు. తడక అవతల మాట్లాడిన ప్రతి మాటా ఆమె విన్నది.

ఆ సీసా మీద ఏం రాసి ఉందో చూడకుండా ఎట్లా పోశావని కూతురు అడిగింది. గుడిసెలో చీకటి అన్నది తల్లి. చీకటైతే గుమ్మంలోకి తెచ్చి చూడవచ్చు గదా అన్నది కూతురు. సాంబ్రాణి పొగ, వాసన కూడా తెలియలేదన్నది. పొగ ముక్కుకు గానీ అక్షరాలకు అడ్డమా అన్నది ఈమె. వయసు మీద పడింది, కళ్లు మసకలన్నది ఆమె. నిన్న తన అరికాల్లోని తుమ్మముల్లును సూదిమొనతో తీసింది ఈ కళ్లతోనే కదా అని కూతురు నిలదీసింది. నర్సు చదువులో నేర్పిన అలవాటు అది, ఒక్కొక్క కట్టూ విప్పి పుండు ఎక్కడుందో చూసేదాకా ఊరుకోదు.

చివరికి రాహేలమ్మ గిన్నె పక్కన పెట్టింది.

"దారాలు ఏం చేసినావే?"

"ఏం దారాలు?"

"సీసాల మెడలకు కట్టినవి. కడుపు మందుకు ఎర్రది, ఒంటి మందుకు నల్లది."

ఎలిశబెతుకు అప్పుడు గుర్తొచ్చింది. మంగళవారం ఆ సంచి విప్పితే ఆమెకు వాంతి వచ్చినంత పనైంది. సీసాల మెడలకు జిడ్డు పట్టిన నూలుపోగులు, మూతల కింద ఇసక. ఇది రోగాలు పోగొట్టే సంచా, పంచిపెట్టే సంచా అని వేళాకోళం చేసింది. సీసాలన్నీ వేడినీళ్లలో కడిగింది. ఆ పోగులను కత్తెరతో కోసి పొయ్యిలో పడేసింది. తన నోటుపుస్తకంలోంచి కాగితాలు చింపి, గంజి పూసి, ఒక్కొక్క సీసాకు అంటించి, సంచి అరలలో కొత్త వరసలో పేర్చింది. తల్లి పక్కనే నిలబడి అంతా చూసింది. ఆపలేదు. ముత్యాలు పేర్చినట్టు రాసినావే అని మెచ్చుకుంది కూడా.

కడుపు మందూ, గజ్జి మందూ రెండూ సున్నం కలిపిన నీళ్లలాగే తెల్లగా ఉంటాయి. చేత్తో పట్టుకుంటే బరువు కూడా ఒకటే.

"లేబుల్ అంటించినా గదమ్మా. చదవడం వచ్చిన ఎవరికైనా..."

ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. ఎలిశబెతు తల్లి ముఖం చూసింది. ఇరవై ఒక్క ఏళ్లుగా చూస్తున్న ముఖమే.

"అమ్మా, నీకు చదవడం రాదా?"

"రాదు" అన్నది రాహేలమ్మ.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ముప్పై ఏళ్లు దాచిన ఆ గుట్టును ఆమె ఆ ఉదయం పెరట్లో పూర్తిగా బయటపెట్టింది. తాను ఊరూరా తిరిగి బైబిలు చెప్పే స్త్రీల బడిలో చదువుకోలేదు. ఆ బడిలో వంట చేసేది. వంటింటి గోడ అవతల వాళ్లు వల్లె వేసే పాఠాలు రుబ్బురోలు తిప్పుతూ వినేది. విన్నది విన్నట్టు ఆమెకు నిలిచిపోయేది. ఒక సంవత్సరం ఈ పాలేల్లో కలరా వచ్చి, ఇక్కడ పనిచేసే బైబిలు స్త్రీ చనిపోయింది. ఆమె స్థానంలో రావడానికి చదువుకున్న ఒక్కరూ ముందుకు రాలేదు. రాహేలమ్మ చెయ్యి తుడుచుకొని సంచి భుజాన వేసుకుంది. పుస్తకం చేతిలో తెరిచి పట్టుకొని అంత చక్కగా చెప్పే మనిషికి చదువు రాదని దొరసానమ్మకు ఎందుకు తోస్తుంది? అడగలేదు. ఈమె చెప్పలేదు. కంపెనీ సీసాల రంగు ఎప్పుడు మారినా, మందులు తెచ్చిన మనిషి నోటితో ఏది ఏదో చెప్పించుకొని, ఇంటికి వచ్చాక దారాలు కట్టుకునేది.

మొదట్లో మొగపాలెం వాళ్లు ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఆమె ఊరి వెలుపలి ఏ పల్లె నుంచి వచ్చిందో వాళ్లకు తెలుసు. గడప ఇవతల నిలబడే మందు పోసేది. పదేళ్లకు ఇంట్లోకి, పదిహేనేళ్లకు పురిటి గదిలోకి రానిచ్చారు. అప్పుడు పోయి, నాకు అక్షరం రాదు అని చెబితే, మళ్లీ వంటింట్లోకి పొమ్మంటారు.

"వంటింటికి పోయేదానికి సిగ్గు లేదే నాకు. ఈ ఏడు ఊళ్లకు ఎవురు పోతారా అనుకున్నా. మొదట అట్టనే అనుకున్నా. తర్వాత అది గర్వమై కూర్చుంది."

భర్త సామ్యేలు పంతులు బతికి ఉన్నన్నాళ్లు రోజూ దీపం దగ్గర ఒక అధ్యాయం చదివి వినిపించేవాడు. ఈ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయన. ఆయన పోయేనాటికి ఎలిశబెతుకు తొమ్మిదేళ్లు.

అంతవరకూ నిలబడి ఉన్న ఎలిశబెతు కింద కూర్చుండిపోయింది. తొమ్మిదేళ్ల నుంచి నెల్లూరు పోయేదాకా ప్రతి సాయంత్రం అమ్మ ఆమెను చాప మీద కూర్చోబెట్టేది. ఒక అధ్యాయం చదివించేది. మళ్లీ చదవమనేది. మూడోసారి కూడా చదవమనేది. తోటి పిల్లలు ఇసకలో ఆడుకుంటుంటే తనను కట్టిపడేసిన ఆ చదువును ఆమె ఎంత అసహ్యించుకుందో చెప్పలేను. తనకు బలవంతంగా భక్తి ఎక్కిస్తున్నదనుకుంది. దేవుడంటేనే విసుగు పుట్టింది. ఇప్పుడు తెలిసింది, ఆ చాప మీద పాఠం నేర్చుకున్నది తాను కాదు. మర్నాడు ఏడు ఊళ్లకు వెళ్లిన ప్రతి మాటా తన గొంతులోంచి వెళ్లిందే.

"నువ్వు నెల్లూరు పోయినాక కొత్త కథ ఒక్కటి లేదే నా కాడ" అన్నది రాహేలమ్మ. "మూడేండ్లుగా చెప్పిందే చెప్తావుండా."

జాలి పుట్టవలసిన చోట ఎలిశబెతుకు కోపం పుట్టింది. నిజం చెప్పాలంటే భయం పుట్టింది, కోపంగా బయటికి వచ్చింది. అక్షరం రాకుండా ఇన్నేళ్లు ఇంతమంది నోట్లో మందు పోశావా అని తల్లిని అడిగింది. రాహేలమ్మ తల ఎత్తకుండానే, దారాలు ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా తప్పలేదన్నది. ఆమె నిందించాలని అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నిందించి ఉంటే ఎలిశబెతుకు తిరిగి అనడానికి ఏదైనా దొరికేది.

రాహేలమ్మ లేచి చీర దులుపుకుంది. ఇప్పుడు తాను ఏం చేయబోతున్నదో చెప్పింది. ఊరి ముందుకు పోతుంది. కళ్లు మసకలై పొరపాటున ఒంటి మందు పోశానని ఒప్పుకుంటుంది. బిడ్డను పంపించమని కాళ్లు పట్టుకుంటుంది. చదువు రాని సంగతి, దారాల సంగతి మాత్రం ఎక్కడా రాకూడదు.

"నీ సర్టిఫికెట్టు ఇంకా చేతికి రాలేదు. సీసాలు నువ్వు మార్చినావని తెలిస్తే అది రాదు. అది లేకుంటే ఈ సంచి ఎవురు మోస్తారు?"

సిగ్గుపడుతూ చెప్పవలసిన మాట ఒకటి ఉంది. తల్లి ఆ మాట అనగానే ఎలిశబెతుకు ఊరట కలిగింది. ఒక్క క్షణమే అనుకోండి, కానీ కలిగింది. ఆ ఊరట మీద ఆమెకే అసహ్యం వేసింది. ఆ అసహ్యంలో, అనకూడని వేళ అనకూడని మాట అనేసింది.

"నేను మొయ్యనమ్మా. గూడూరులో ఒక డాక్టరుగారి దగ్గర పని ఒప్పుకున్నా. ఆదివారం అయినాక చెప్దామనుకున్నా."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. రాహేలమ్మ మొక్కు సంగతి ఎత్తలేదు, ఏడవలేదు. లోపలికి పోయి పుస్తకం గుడ్డలో చుట్టుకొని బయటికి వచ్చింది. పద, ఆ బిడ్డ సంగతి ముందు చూడు అని మాత్రం అన్నది.

మొగపాలెంలో వలలు బాగుచేసుకునే పెద్ద పాక ఉంది. ఆ మధ్యాహ్నం వలలు ఒక మూలకు నెట్టి ఊరంతా అందులో కూర్చుంది. ఆడవాళ్లు బయట, పాక నీడలో. మధ్యలో చాప మీద పోలమ్మ తల్లి కామమ్మ కూర్చొని, ఒళ్లో పోలమ్మను పడుకోబెట్టుకొని కొంగుతో ఈగలు తోలుతున్నది. పాప పెదవుల చివర నురగ ఎండి ఉంది. ఎలిశబెతు నాడి చూడబోయింది. కామమ్మ బిడ్డ చేతిని కొంగు కిందికి లాక్కుంది. బైబిలమ్మ కూతురని ముద్దు చేసి చిన్నప్పుడు ఎలిశబెతుకు ఎండుచేపలు కాల్చిపెట్టిన కామమ్మ చెయ్యే అది.

పెంచలయ్య గొంతు పెంచే మనిషి కాదు. ఆ ఊళ్లో ఎవరి మాట మీదైనా అనుమానం వస్తే మోకాటి లోతు సముద్రంలోకి దిగి, దోసిట నీళ్లు పట్టి, గంగమ్మ మీద ఒట్టు పెట్టుకోవాలి. ఆ ఒట్టు తప్పినవాడు మళ్లీ వేటకు పోడు. బైబిలమ్మ ఆ ఒట్టు పెట్టుకోదని అతనికి తెలుసు. దాని గురించే పొద్దుటి నుంచి ఆలోచించి ఉంటాడు.

"మా గంగమ్మ మీద ఒట్టు నీకు చెల్లదు. నీ దేవుడి మాట నీకు చెల్లుతుంది. ఆ పుస్తకం ఇట్ట తే."

ఆమె ఇచ్చింది. పెంచలయ్య గుడ్డ విప్పి, జాగ్రత్తగా మధ్యకు తెరిచి, తాళ్లు లాగి కాయలు కాసిన వేలు ఒక చోట పెట్టాడు.

"నేను వేలు పెట్టిన కాడ చదువు. చదివి, దాని మీద చెయ్యి పెట్టి చెప్పు. బిడ్డకు ఏం పోసినావు?"

ఆ పాకలో అక్షరం తెలిసినవాళ్లు ఎలిశబెతు తప్ప ఎవరూ లేరు. రాహేలమ్మ గొంతులో వంద కథలున్నాయి. ఏది చెప్పినా చెల్లిపోయేది. తుఫానులో పడవ కథ చెబితే ఆ జాలరులు తలలు కూడా ఊపేవారు. చెప్పెయ్యమ్మా, ఏదో ఒకటి చెప్పెయ్యి అని ఎలిశబెతు మనసులో బతిమాలుకుంది. తన కోసమే బతిమాలుకుంది.

రాహేలమ్మ ఆ పేజీని చాలాసేపు చూసింది.

"చదవలేను పెదకాపు" అన్నది.

కళ్లజోడు తెప్పించమంటావా అన్నాడు పెంచలయ్య.

"కళ్లు బాగుండాయి. నాకు చదువు రాదు. అక్షరం ముక్క రాదు. ఇన్నేండ్లు మీకు చెప్పినవన్నీ ఇంకొకరు చదివితే నేను విన్నవి. ఆ కథలు అబద్ధం కాదు. నేను చదివినానన్నది అబద్ధం." ఆమె పాప వైపు తిరిగింది. "మందూ అట్టనే పోసినా. గజ్జికి రాసే మందు బిడ్డ నోట్లో పోసినా."

 పాకలో వెనక నుంచి ఎవరో తిట్టు అందుకున్నారు. ముత్యాలయ్య లేచి ఆమె మీదికి రెండడుగులు వేసి, ఎందుకో ఆగిపోయాడు. తన పెళ్లాం పురిట్లో మూడు రోజులు కదలకుండా కూర్చున్నది ఈమే. అది గుర్తొచ్చి ఆగాడో, కొట్టడానికి చెయ్యి రాక ఆగాడో నేను చెప్పలేను. కామమ్మ మాత్రం బిడ్డ ముఖం మీదికి కొంగు కప్పి ఆమె కంట పడకుండా దాచింది. తిట్లకన్నా అది ఎక్కువ తగిలింది రాహేలమ్మకు.

పెంచలయ్య చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. అతనికి ఇంకా ఒకటి అర్థం కాలేదు. చదువు రాకుండానే ముప్పై ఏళ్లు తప్పు లేకుండా పోసినదానివి ఇప్పుడు ఎట్లా తప్పావని అడిగాడు. ముసలిదాన్ని, మతి తప్పిందన్నది రాహేలమ్మ. తన పరువంతా ఊరి ముందు నేల మీద పరిచిన మనిషి, కూతురి కోసం ఆ చిన్న అబద్ధాన్ని మాత్రం కొంగున కట్టుకొని కూర్చుంది. పిచ్చి తల్లి.

ఎలిశబెతు లేచి నిలబడింది. ఆమె ధైర్యవంతురాలని నేను అనను. గూడూరు ఉద్యోగం కళ్ల ముందే ఉంది. కానీ తల్లి ఆ చివరి మాట అంటున్నప్పుడు తన వైపు చూడకుండా జాగ్రత్త పడడం ఆమె చూసింది. అది ఆమె భరించలేకపోయింది.

"మా అమ్మ గుర్తుకు దారాలు కట్టుకుంది. అవి కోసింది నేను. మురికిగా ఉండాయని కోసినా. ఏ మందు ఏదో అమ్మకు నోటితో చెప్పలేదు, కాగితం మీద రాసినా. తప్పు అక్కడ జరిగింది."

ఊరుకోవే అని రాహేలమ్మ గొణిగింది. ఎవరూ వినిపించుకోలేదు.

ఎన్ని చెంచాలు, ఎన్ని పూటలు అని ఎలిశబెతు కామమ్మను అడిగింది. కామమ్మ ఆమె వైపు చూడకుండానే, పూటకు రెండు లెక్కన నాలుగు పూటలని చెప్పింది. ఈ సంగతి డాక్టరుకు చెబితే దానికి తగ్గ వైద్యం ఉందనీ, సాయంత్రం దాకా ఆగితే ఆ వైద్యం కూడా పనికిరాదనీ ఎలిశబెతు పెంచలయ్యకు చెప్పింది.

పెంచలయ్య పుస్తకం మూసి, గుడ్డ చుట్టి రాహేలమ్మ చేతికి ఇచ్చాడు. తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ముత్యాలయ్య పడవకు దురాయి లేదు. తల్లీ తండ్రీ బిడ్డతో పోతారు. ఏం పోశారో చెప్పడానికి చదువుకున్నది కూడా పోవాలి. చదువు రానిది ఇక్కడే, ఈ పాకలోనే ఉంటుంది. ఊరి ఎల్ల దాటడానికి వీల్లేదు.

"బిడ్డ నడిచి ఇంటికొస్తే నువ్వూ నడిచి పోతావు బైబిలమ్మా" అన్నాడు.

రాకపోతే ఏమిటో అతను చెప్పలేదు.  రాహేలమ్మ వలల పక్కన, ఆడవాళ్లు జరిగి వదిలిన ఖాళీలో కూర్చుంది. వెళ్లేముందు ఎలిశబెతు ఆమె ముందు ఒంగి, అమ్మా అన్నది. ఆమె కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టబోయి, ఊరంతా చూస్తున్నదని వెనక్కి తీసుకుంది. పో, పడవ ఆగదు అన్నది.

కాలవలో నీళ్లు తగ్గి ఉన్నాయి. ముత్యాలయ్య గెడ వేస్తుంటే అడుగున బురద పట్టుకొని లాగుతున్నది. నెత్తిన ఎండ మండిపోతున్నది. కామమ్మ కొంగు బిడ్డకు గొడుగులా పట్టింది. ఎలిశబెతు ఎదురుగా కూర్చొని, ఎవరూ అడ్డు చెప్పకపోయేసరికి, పాప మణికట్టు పట్టుకుంది. నాడి దారం తెగుతున్నట్టు కొట్టుకుంటున్నది. మైలు దాటారు. రోడ్డు వంతెన ఇంకా కనపడలేదు.

నాలుగోసారి ఫిట్సు అప్పుడు వచ్చింది. ఎలిశబెతు పాపను పక్కకు తిప్పి, పళ్ల మధ్య గుడ్డ మడత పెట్టి, తల కొట్టుకోకుండా పట్టుకుంది. ఫిట్సు రెండు నిమిషాల్లో ఆగుతుందని పుస్తకాల్లో రాసి ఉంటుంది. రెండు అయ్యాయి, నాలుగు అయ్యాయి. పెదవులు నీలమయ్యాయి. ఆమెకు తెలిసినదంతా అక్కడికి అయిపోయింది.

కామమ్మ ఆ రోజు ఆమెతో తనంతట తాను మాట్లాడింది అదే మొదటిసారి.

"మీ అమ్మయితే ఈపాటికి ప్రార్థన చేస్తావుండేది. నువ్వు చెయ్యవా?"

ఎలిశబెతు జీవితంలో ఒక్క ప్రార్థన కూడా తనంతట తాను పైకి చెప్పి ఎరగదు. అమ్మ చేసేది, తను ఆమెన్ అనేది. ఎన్ని అధ్యాయాలు చదివిందో, ఒక్కొక్కటి మూడేసి సార్లు. నోరు తెరిచింది.  ఎంత వెతుక్కున్నా తనదంటూ ఒక్క ముక్క దొరకలేదు. ఏమని అడగాలి? తాను చేసినదాన్ని లేకుండా చెయ్యమనా? ముత్యాలయ్య గెడ నీళ్లలోనే ఆపి వెనక్కి తిరిగాడు. ఆపొద్దు, అన్నా, తొయ్యి అని మాత్రం అనగలిగింది.

బిగుసుకున్న పాప ఒళ్లు ఒక్కసారిగా వదులైంది. ఫిట్సు ఆగిందని కామమ్మ నిట్టూర్చింది. ఎలిశబెతు ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. ఊపిరి తగల్లేదు. చెయ్యి తడిసి ఉందేమోనని తుడుచుకొని మళ్లీ పెట్టింది. లేదు.

పురిటి గదిలో కదలని పసికందులకు పెద్ద నర్సులు చేసే పని ఆమె రెండుసార్లు చూసింది. తాను ఎప్పుడూ చెయ్యలేదు. పాపను కామమ్మ ఒళ్లోంచి పడవ చెక్కల మీదికి దించి, నోట్లో గుడ్డ తీసేసి, గడ్డం పైకెత్తింది.

"చేస్తుండావా?" అని అడిగింది కామమ్మ. ఆమె ఇంకా ప్రార్థన గురించే అడుగుతున్నది.

"చేస్తుండా" అన్నది ఎలిశబెతు. పాప నోటి మీద నోరు ఆనించి ఊదింది.

చిన్న రొమ్ము ఒకసారి పైకి లేచింది. మళ్లీ పడిపోయింది.

(సశేషం)